కృపారావు మేస్టారిని ఏమనాలి?

మా కృపారావు మేస్టారిని తిట్టడం అంత తేలికైన పని కాదు. తిట్టినవాడు ముందు ఆ తిట్టుకి అర్థం చెప్పాలి. తర్వాత దాన్ని ఎక్కడ వాడతారో చెప్పాలి. ఆ పైన ఈ సందర్భానికి అది కుదిరిందని నిరూపించాలి. ఇన్ని గండాలు దాటి ఆయన్ని పూర్తిగా తిట్టగలిగిన మగాడు మా ఊళ్ళో లేడు. ఆడవాళ్ళలో ఒక్క రాహేలమ్మగారు ఉండేది. ఆవిడ ఆయన భార్య.

తిట్టవలసిన అవసరం మాత్రం అందరికీ వచ్చేది. ఎందుకంటే లోకంలో జరిగే ప్రతి పని మీదా ఆయనకి నీతిపరమైన అభ్యంతరం ఒకటి ఉండేది. పుట్టినప్పుడు కూడా ఏడవకుండా మంత్రసానికి అభ్యంతరం చెప్పి ఉంటారని మా అనుమానం. హైస్కూల్లో తెలుగు పండితుడుగా చేసి రిటైరయ్యారు. స్కూలు ఆయన్ని వదిలింది గాని ఆయన ఊరిని వదల్లేదు.

ఒకసారి అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే బస్సులో ఒకావిడ కొడుకుని ఒళ్ళో కుక్కుకుని, "వీడికి నాలుగేళ్ళండి" అంది కండక్టరుతో. వాడి కాళ్ళు ముందు సీటు కింద నుంచి అవతలకి వచ్చేశాయి. వెనక నుంచి మేస్టారు లేచారు.

"నాకు అభ్యంతరం ఉందండి. వీడు ఆరో తరగతి, బి సెక్షను."

ఆవిడ అర టిక్కెట్టు తీసుకుంటూ, "బయలుదేరేడమ్మా సత్యహరిశ్చంద్రుడు" అంది. అంతే, మేస్టారు గొడుగు చంకలో పెట్టుకుని ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డారు.

"ఆ మాట ఇక్కడ కుదరదమ్మా. హరిశ్చంద్రుడు తన సత్యం కోసం తను కష్టపడ్డాడు. నేను నా సత్యం కోసం మిమ్మల్ని కష్టపెట్టేను. అలాంటివాడికి వేరే మాట ఉండాలి."

"ఏం మాటండి?"

"ఆలోచించి చెప్తాను. మీరెక్కడ దిగుతారు?"

ఆవిడ దిగవలసింది రాజోల్లో. తాటిపాకలోనే దిగిపోయింది.

స్టాఫ్ రూములో డ్రిల్లు మేస్టారు ఒకసారి ఒళ్ళు మండి ఆయన్ని సుద్దపూస అన్నాడు. అనేసి వెళ్ళిపోతే బాగుండేది, కూర్చున్నాడు. "సుద్దపూస అంటే తప్పు చేసి, చెయ్యనట్టు మొహం పెట్టేవాడండి. నేను ఏ తప్పూ చెయ్యకపోయినా చేసినట్టు మొహం పెడతాను. కావాలంటే సాయంత్రం మా ఇంటికి రండి, మా ఆవిడ ఎదురుగా చూద్దురుగాని" అన్నారు మేస్టారు. డ్రిల్లు మేస్టారు నిజంగానే వెళ్ళి చూశాడు. చూసి, మాట వెనక్కి తీసుకున్నాడు.

ఇంట్లో మాత్రం ఈ వ్యాకరణం సాగేది కాదు. పక్కింటి సత్యంగారి ములగచెట్టు కొమ్మ గోడ దాటి వీళ్ళ పెరట్లోకి వచ్చింది. రాహేలమ్మగారు రెండు కాడలు కోసి పులుసు పెట్టింది. మేస్టారు ముద్ద కలపబోయి ఆగి, కాడల పుట్టుపూర్వోత్తరాలు అడిగారు. తెలిశాక పులుసుగిన్నె పట్టుకుని సత్యంగారింటికి వెళ్ళి జరిగింది చెప్పి, గిన్నె అప్పగించి వచ్చారు. సత్యంగారు రుచి చూసి, ఉప్పు తగ్గిందని కబురు చేశారు.

"మహానుభావా, ధర్మరాజా, రాత్రికి ఏం తింటారు?" అంది రాహేలమ్మగారు.

"ధర్మరాజు అనకు. ఆయన జూదం ఆడేడు. నేను పేకముక్క ముట్టను."

"ఆయన ఆడింది జూదమే. నా వంట జోలికి రాలేదు" అంది ఆవిడ. ఆ పూట మేస్టారు మజ్జిగన్నం తిన్నారు.

ఇవన్నీ చిల్లర మాటలు. ఆయన మీద పడే పెద్ద మాట ఇంకొకటి ఉండేది. అది మా గుళ్ళోనే పుట్టింది. మేం క్రైస్తవులం, మాలో ఒకణ్ణి పరిసయ్యుడు అంటే ఇంకేమీ అనక్కర్లేదు. తనంత పవిత్రుడు లేడని నడివీధిలో నిలబడి ప్రార్థన చేసుకునే రకం అన్నమాట. ఆ మాట ఆయన్ని అనేవారు సంఘపెద్ద మత్తయిగారు.

"నేను పరిసయ్యుణ్ణి ఎలా అవుతానండి? పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు. నేను పదకొండు దాటితే నిలబడలేను" అనేవారు మేస్టారు.

మత్తయిగారికి అమలాపురంలో కొబ్బరి కొట్టు ఉండేది. ఆయనకీ నీతి ఎక్కువే, అందులో పోటీ మాత్రం గిట్టేది కాదు. మేస్టారు ఏది అవునంటే ఆయన అది కాదనేవారు. గుడికి తెల్లసున్నం వేద్దామని మేస్టారు అంటే, నీలం వెయ్యాలని ఆయన పట్టుబట్టారు. సగం గోడలు నీలం అయ్యాక మేస్టారు, పోనీలెండి నీలం కూడా బాగానే ఉందన్నారు. మర్నాటి నుంచి మత్తయిగారు తెలుపు వేయించారు. ఇప్పటికీ మా గుడి వెనక నుంచి చూస్తే ఒకటి, ముందు నుంచి చూస్తే ఇంకొకటి.

"మీరూ ఆయనా ఒకటే రకం కదండీ మేస్టారూ" అన్నాను ఒకసారి. ఆయన చాలా నొచ్చుకున్నారు.

"ఎలా ఒకటిరా బాబ్జీ? నీతిమంతుడు వేరు. నీతులు చెప్పేవాడు వేరు. నీతి పేరు చెప్పి పగ తీర్చుకునేవాడు వేరు. మొదటి మాటకి నేను చాలను. రెండోది నేనే. మూడోవాడికి మన భాషలో ఒక్క మాట లేదు. ఉండి ఉంటే చాలామంది జాగ్రత్తపడేవారు."

ఆ మూడోవాడు మా ఇంటి మీదకే వస్తాడని అప్పుడు నాకు తెలీదు.

తొంభై ఎనిమిదిలో మా పెదనాన్న కూతురు సత్యవేణి అక్కకి పెళ్ళి కుదిరింది. అక్క అమలాపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు. పెదనాన్న లేరు. అక్కా, వాళ్ళమ్మ మార్తమ్మ దొడ్డమ్మా, పక్కింట్లో మేమూ. నాకు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు ఉండేది. ఊళ్ళోవాళ్ళ గొడవలన్నీ నా అద్దాల గది లోంచే దేశాలు దాటేవి కాబట్టి అక్క పాత కథ నాకు బాగా తెలుసు.

అంతకు ముందు అక్కకి మత్తయిగారి మేనల్లుడితో ప్రధానం జరిగింది. ప్రధానం అంటే మాలో నిశ్చితార్థం. గుళ్ళో అందరి ఎదుటా ఉంగరం పెడతారు. ఉంగరం పెట్టి ఆ పెద్దమనిషి కువైట్ వెళ్ళాడు. ఒక ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత ఆయనా లేడు, ఉత్తరమూ లేదు. అక్క ఏళ్ళు ఎదురుచూసింది. చివరికి వాళ్ళమ్మే వచ్చి, "మావాడి మనసు మారిందమ్మా" అని ఉంగరం తీసుకుపోయింది. ఆ సంబంధం తెచ్చింది మత్తయిగారు. పోగొట్టింది వాళ్ళవాడే. కోపం మాత్రం అక్క మీద మిగిలింది. వదిలేసిన పిల్ల అలాగే పడుండాలి గాని అంతకంటే మంచి సంబంధం తెచ్చుకోవడం ఏమిటని ఆయన బాధ.

కొత్త పెళ్ళికొడుకు ప్రభుదాసు, రాజోలు కాలేజీలో గుమాస్తా. అక్క పాత సంగతంతా తనే చెప్పేసింది. అతని తండ్రి జీవరత్నంగారు విని, "దానికేముందమ్మా" అన్నారు. ఒకటే మాట అడిగారు. "మా ఇంటిపేరు ఇంతవరకూ ఏ గుళ్ళోనూ గొడవలో వినపడలేదండి. అది ఒక్కటీ చూడండి. అలా వినపడితే మాత్రం మేం వెనక్కెళ్ళిపోతాం."

గొడవకి మాలో ఒక ఏర్పాటే ఉంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వరసగా పాస్టరు అయ్యగారు గుళ్ళో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం, న్యాయమైన అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను అని. చదివి కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో పెళ్ళివారికి ఆయుష్షు తగ్గుతుంది. కృపారావు మేస్టారు ఒకసారి లేచి, పెళ్ళికొడుక్కి ఇంకా ఇరవయ్యొకటి నిండలేదని పెళ్ళి ఆపించిన చరిత్ర ఉంది. అందుకని ప్రకటన చదివేటప్పుడు అందరూ ఆయన్నే చూసేవారు.

మొదటి ఆదివారం ఎవరూ లేవలేదు. రెండో ఆదివారం కూడా ఎవరూ లేవలేదు. మేం ఊపిరి పీల్చుకుని బయటికి వస్తుంటే మత్తయిగారు మెట్ల మీద దొడ్డమ్మని ఆపారు.

"మార్తమ్మా, ప్రధానమైన పిల్ల అంటే సగం పెళ్ళయిన పిల్ల. దేవుడి ఎదుట ఇచ్చిన మాట ఉంగరంతో పాటు వెనక్కి పోదు. మావాడు వచ్చి నోటితో వదిలేనని చెప్పేదాకా ఆ పిల్ల మాదే. వచ్చే ఆదివారం లేచి ఈ మాటే చెప్తాను. నాకు పగేం లేదు. నా మనస్సాక్షి ఊరుకోవడం లేదు."

దొడ్డమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. అక్క ఏడవలేదు. ఇంటికి వచ్చి యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ, "నా పేరు మీద గుళ్ళో మాట పడితే నేను మళ్ళీ ఆ గుడి గడప తొక్కనురా బాబ్జీ. పెళ్ళి కూడా వద్దు. ఎన్నిసార్లు నిలబడమంటారు నన్ను?" అంది. ఆ వారం అంతా ఆ మాటే నా చెవిలో మోగింది. నాకు మత్తయిగారి కొట్టుకి నిప్పు పెట్టాలనిపించింది, కొబ్బరి బాగా అంటుకుంటుంది కూడా.

ముందు అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివారు, అందుకే ఏమీ చెయ్యలేరు.

"అభ్యంతరం వస్తే, అది న్యాయమైందో కాదో సంఘపెద్దని అక్కడికక్కడే అడగాలి బాబూ. ఆయన కాదంటే అక్కడితో సరి. అవునంటే విచారణకి పోతుంది, నెలలు పడుతుంది."

"సంఘపెద్దే లేచి అభ్యంతరం చెప్తేనండి?"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అప్పుడిక విచారణే బాబూ" అన్నారు.

శనివారం పొద్దున్నే మేస్టారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని గొడుగు ఊచ వంచుతున్నారు. అంతా చెప్పాను. మత్తయిగారితో ఒకసారి మాట్లాడమన్నాను.

"నేను మాట్లాడితే లేవనివాడు కూడా లేస్తాడు. అది సరే, ఆయన ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. 'సగం పెళ్ళయిన పిల్ల' దగ్గర ఆపి మళ్ళీ చెప్పమన్నారు. ఉంగరం మాట రెండోసారి చెప్పించారు. మనస్సాక్షి అన్నారా, అంతరాత్మ అన్నారా అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో పెళ్ళి ఆగిపోయేలా ఉంటే ఈయనకి మాటల మీద ధ్యాస.

"మేస్టారూ, మీరు సాయం చెయ్యకపోయినా పర్లేదు. రేపు మీరు మాత్రం లేవకండి. దణ్ణం పెడతాను."

"అది మాటివ్వలేనురా. నా మనస్సాక్షి ఏం చెప్తే అది చేస్తాను" అన్నారు. లోపల నుంచి రాహేలమ్మగారు, "ఆ మనస్సాక్షికి కాస్త జ్వరమన్నా రాదు" అంది.

మూడో ఆదివారం గుడి నిండిపోయింది. మామూలుగా రానివాళ్ళు కూడా వచ్చారు. గొడవ ఉంటుందంటే మావాళ్ళకి భక్తి పెరుగుతుంది. జీవరత్నంగారు రాజోలు నుంచి తెల్లని చొక్కా వేసుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. అక్క ఆడవాళ్ళ వైపు, దొడ్డమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో నాకు తెలియలేదు.

పాట అయింది. అయ్యగారు ప్రకటన చదివారు. "...న్యాయమైన అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను."

మత్తయిగారు ఏ పనీ హడావిడిగా చెయ్యరు. కోటు బొత్తాం పెట్టుకున్నారు. కండువా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"నాకు అభ్యంతరం ఉందండి."

గొంతు ఆయనది కాదు. కళ్ళు తెరిస్తే కృపారావు మేస్టారు నిలబడి ఉన్నారు. గుళ్ళో గుసగుస లేచింది. జీవరత్నంగారి మెడ నిటారుగా అయింది.

"ప్రధానమైన పిల్ల అంటే సగం పెళ్ళయిన పిల్ల. దేవుడి ఎదుట ఇచ్చిన మాట ఉంగరంతో పాటు వెనక్కి పోదు" అన్నారు మేస్టారు, పాఠం చెప్పినట్టు. మత్తయిగారు సగం లేచి అలాగే ఉండిపోయారు. తన నోట్లో ముద్ద ఇంకొకడు నమిలేస్తుంటే మనిషి ఎలా చూస్తాడో అలా చూశారు.

మేస్టారు ఆగలేదు. "అంచేత మత్తయిగారి మేనల్లుణ్ణి కువైట్ నుంచి రప్పించాలి. ఉత్తరం ఎందుకు రాయలేదో ఇక్కడ నిలబెట్టి అడగాలి. ఉంగరం తీసుకుపోయిన వాళ్ళమ్మని కూడా నిలబెట్టాలి. ఆవిడ మత్తయిగారి సొంత అక్కగారని నేను మొహమాటపడనండి. న్యాయం ఎవరికైనా ఒకటే."

జీవరత్నంగారు కండువా చేతిలోకి తీసుకుని లేవబోయారు. అక్క తల వంచేసింది. అయ్యగారు తడబడుతూ, "సంఘపెద్దగారు దీనికి ఏమంటారు?" అన్నారు.

మత్తయిగారు పూర్తిగా లేచారు. మొహం కందిపోయింది.

"మా అక్కని గుళ్ళో నిలబెడతారా మీరు?"

"నిలబెట్టాలి కదండీ మరి. మాట ఉన్నట్టే కదా."

"ఏం మాటండి? ఉంగరంతో మాట పోదని ఏ వాక్యంలో ఉంది? మా అక్క తన చేత్తో తీసుకుంది. ఉంగరం పోయింది, మాటా పోయింది."

"అయితే పిల్ల తప్పు లేదంటారా?"

"ఏం తప్పుందండి పిల్లది? తప్పు మావాడిది. ఆ పిల్ల నోరు విప్పి ఒక్క మాట అనలేదు మమ్మల్ని."

"మీరు మనస్సాక్షిగా అంటున్నారా?"

"మనస్సాక్షిగానే అంటున్నాను. మీ అభ్యంతరం న్యాయమైంది కాదు. ఆడపిల్ల పెళ్ళి చెడగొట్టడానికి వచ్చేరు, మీరు పరిసయ్యుడు."

గుళ్ళో అందరూ మేస్టారి వైపు తిరిగారు, ఇప్పుడు పరిసయ్యుడి మీద ఉపన్యాసం వస్తుందని. ఆయన ఏమీ అడగలేదు. "ఆయ్, అలాగేనండి" అని కూర్చున్నారు.

అయ్యగారు జన్మలో అంత వేగంగా ఏదీ చదివి ఉండరు. "అభ్యంతరం న్యాయమైనది కాదని సంఘపెద్దగారు తేల్చినారు, ఇంకెవరికైనా..." అంటుంటే మత్తయిగారు గుడంతా ఒకసారి కలియజూసి, "ఎవరికీ లేదు" అని ఆయనే చెప్పేశారు. చెప్పాక కూర్చుని, తనేమన్నారో ఆలోచించుకోవడం మొదలెట్టారు. అప్పటికి ప్రకటన అయిపోయింది. జీవరత్నంగారు కండువా భుజం మీద వేసుకుని, "పెద్దాయన లేచి పిల్ల మంచిదన్నాక మాకింకేం కావాలండి" అన్నారు.

ఊరంతా మేస్టారి మీద పడింది. దొడ్డమ్మ గుడి బయటే శాపనార్థాలు పెట్టి, శుభలేఖ ఆయన గడపకి వెళ్ళకూడదంది. నాకు మాత్రం భోజనం దగ్గర కూర్చున్నాక చెయ్యి ఆగిపోయింది. మేస్టారు గుళ్ళో అన్న మాటలు నేను అరుగు మీద అప్పజెప్పినవే. చెయ్యి కడుక్కుని పరుగెత్తాను.

"అందరికీ చెప్పేస్తాను మేస్టారూ. మీరు కావాలనే లేచేరు."

"నోరుముయ్యి. చెప్తే మత్తయిగారికి తెలుస్తుంది. తెలిస్తే మళ్ళీ పాత మత్తయిగారవుతారు. ఇప్పుడాయన ఆ పిల్ల తరఫు మనిషి. ఆ పేరు ఆయనకి రుచిగా ఉంటుంది, చూస్తూ ఉండు. రుచి మరిగాక వదల్లేరు."

"మరి మిమ్మల్ని ఊళ్ళో..."

"నాకు అలవాటేరా."

ఆయన చెప్పినట్టే అయింది. బుధవారానికల్లా మత్తయిగారు, సత్యవేణి పెళ్ళి తానే నిలబెట్టానని కొట్టుకి వచ్చినవాడికల్లా చెబుతున్నారు. పెళ్ళినాడు తండ్రి స్థానంలో అక్కని చెయ్యి పట్టుకుని గుళ్ళోకి నడిపించింది ఆయనే. కళ్ళు తుడుచుకున్నారు కూడా, అది దొంగ ఏడుపు కాదు. మరుసటేడు మేనల్లుడు కువైట్ నుంచి దిగి టీ కొట్టు దగ్గర అక్క గురించి వెకిలిగా ఏదో అంటే, చొక్కా పట్టుకుని ఇంటికి ఈడ్చుకెళ్ళింది కూడా ఆయనే. తను మంచివాణ్ణని నమ్మడం మొదలెట్టాక ఆయనకి ఇంకో దారి లేకపోయింది.

పెళ్ళినాడు మధ్యాహ్నం పందిట్లో భోజనాలు జరుగుతున్నాయి. మత్తయిగారు వడ్డనవాళ్ళ మీద కేకలేస్తున్నారు. అక్క నన్ను పిలిచి, క్యారేజీ సర్దించి, కారెక్కమంది. పెళ్ళికొడుకు కూడా ఎక్కాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. కారు మేస్టారింటి ముందు ఆగింది.

"నీకెవరు చెప్పేరక్కా?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. కూర్చునేముందు ఆయన నావైపు చూసేరురా. పెళ్ళి చెడగొట్టేవాళ్ళు అలా చూడరు."

మేస్టారు తలుపు తీసి, తెల్లచీరలో అక్కని చూసి రెండడుగులు వెనక్కి వేశారు. తర్వాత క్యారేజీ చూశారు.

"పిలవని పెళ్ళి భోజనం తినకూడదమ్మా. అది నీతి కాదు."

"పిలవడానికే వచ్చేనండి. మీరు రాలేరు గనక పెళ్ళే ఇక్కడికొచ్చింది" అంది అక్క.

మేస్టారు చాలాసేపు ఆలోచించారు. ఇది పిలుపు కిందకి వస్తుందో రాదో తేల్చుకుంటున్నట్టున్నారు. ఈలోగా రాహేలమ్మగారు లోపల నుంచి వచ్చి, అక్క చేతిలో క్యారేజీ అందుకుని మూత తీసి వాసన చూసింది.

"ఆయన తేల్చేసరికి చల్లారిపోద్ది. నేను మాత్రం నీతి లేనిదాన్నమ్మా, కూర్చోండి" అని అందరికీ కంచాలు పెట్టింది.